చిన్న కన్ను, పెద్ద చూపు

మదనపల్లె దాపున ఉన్న ఆరోగ్యవరము పేరు వినని పెద్దలు చిత్తూరు సీమలో అరుదు. క్షయకు సరియైన మందు లేని దినములలో విశ్రాంతినీ, మంచి గాలినీ, పుష్టి గల ఆహారమునూ నమ్ముకొని దక్షిణదేశపు నలుమూలలనుండి రోగులు అక్కడికి చేరుచుండెడివారు. ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమున కొన్ని క్రైస్తవ మిషనులు ఏకమై నెలకొల్పిన ఆ ఆరోగ్యశాలకు తొలి వైద్యాధికారి డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అను డెన్మార్కు దేశీయుడు. ఆయన కుమారుడు డాక్టరు యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ 1950 మొదలు 1955 వరకు మదనపల్లె పరిసర గ్రామములలో క్షయరోగ వ్యాప్తిని గూర్చి గొప్ప పరిశీలన జరిపెను. దాని వివరములు 1960లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో ప్రకటింపబడినవి. ఆరోగ్యవంతుడని తలచువానిని సైతము విడువక, పల్లె ప్రజల రొమ్ములకు చిన్న ఫిల్ముమీద ఎక్సురే ఛాయలు తీయుట ఆ పరిశీలనలో ముఖ్యభాగము. దగ్గు ముదిరి, రక్తము పడి, రోగి తానై వైద్యుని వెదకికొని వచ్చులోపలనే వ్యాధిని కనుగొనవలెనన్నచో యంత్రమే పల్లెకు పోవలెనని ఆ వైద్యులు గ్రహించిరి.

మేము చెప్పబోవు చరిత్ర ఎక్సురేను గూర్చినది కాదు. కాని శరీరమును కోయకుండ లోపలిని చూచుట, ఆ చూపును పల్లెకు చేర్చుట అను రెండు కోరికలును అక్కడివే కనుక అక్కడనే ఆరంభించితిమి.

ఎక్సురే చూపునది ఛాయ. నేడు 'స్కానింగు' అని ప్రతి పల్లెలోను పిలువబడుచున్న అల్ట్రాసౌండు పరీక్ష చూపునది ప్రతిధ్వని. పాడుబావిలోనికి తొంగిచూచి కేక వేసినచో కొంత తడవునకు ఆ కేక తిరిగి వినవచ్చును గదా! ఆ తడవును కొలిచినచో బావి లోతు తెలియును. మనుష్యుని చెవికి అందని మిక్కిలి సన్నని ధ్వనిని చర్మముమీదనుండి లోపలికి పంపి, అవయవముల సరిహద్దులనుండి తిరిగివచ్చు ప్రతిధ్వనుల కాలమును కొలుచుటయే ఈ పరీక్ష. మెత్తని మాంసములో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్లు పోవును. పదిహేను సెంటీమీటర్ల లోతునకు పోయి మరలివచ్చుటకు సెకనులో అయిదువేలవ వంతు చాలును. గాలి తగిలినచోట మాత్రము ఈ ధ్వని ముందుకు సాగదు; దాదాపు అంతయు వెనుకకు మరలిపోవును. అందుచేత గాలితో నిండిన ఊపిరితిత్తుల లోతు దీనికి అందదు. ఆరోగ్యవరమువారి ఎక్సురే పనిని అల్ట్రాసౌండు అపహరింపలేకపోవుటకు కారణమిదే. గర్భమునందలి శిశువు, గుండె, కాలేయము, మూత్రపిండము దీని రాజ్యము.

ఈ విద్య వైద్యశాలలో పుట్టలేదు. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు కనుగొనిరి. మొదటి ప్రపంచయుద్ధమున లాంజివాను పండితుడు ఆ స్ఫటికములతోనే సముద్రపు నీటిలోనికి ధ్వనిని పంపి జలాంతర్గాములను పసికట్టు ఉపాయమును సాధించెను. పిమ్మట ఇనుపపనివారు లోహములలోని పగుళ్లను వెదకుటకు దానిని వాడుకొనిరి. గ్లాస్గో నగరమున స్త్రీవైద్యాచార్యుడైన ఇయాన్ డొనాల్డు 1955లో చేసిన పని ముచ్చట గొలుపును. శస్త్రచికిత్సలో తీసిన కణుతులను వెంటబెట్టుకొని ఆయన ఒక బాయిలర్ల కర్మాగారమునకు పోయి, అక్కడి పగుళ్లు వెదకు యంత్రముతో వానిని పరీక్షించెను. నీటితిత్తి ఒక విధముగను, గట్టి కణుతి మరియొక విధముగను ప్రతిధ్వని నిచ్చుట ఆయనకు తేటపడినది. 1958లో ఆయన, ఆయన సహచరులు కలిసి 'లాన్సెట్' వైద్యపత్రికలో ప్రకటించిన వ్యాసముతో ఉదరములోనికి కొత్త కిటికీ తెరువబడినది.

తెరువబడిన మాట నిజమే, కాని కిటికీ చిన్నది. ఈ కథకంతటికిని కీలకమైన చిక్కు ఇక్కడ కలదు.

కాంతితో గాని, రేడియో తరంగముతో గాని, ధ్వనితో గాని చూచునది ఏదైనను దానికొక ద్వారము ఉండును. కంటికి కనుపాప, దూరదర్శినికి అద్దము, రాడారుకు ఏరియలు. ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు అపర్చరు అనునది ఈ ద్వారమునే. ద్వారము ఎంత వెడల్పైనచో దూరమందలి వస్తువులు అంత విడివిడిగా కనిపించును. ఇరుకైనచో రెండు చుక్కలు కలిసి ఒకే మచ్చయగును. ఈ మచ్చ వెడల్పునకు లెక్క సులభము: తరంగపు నిడివిని దూరముతో హెచ్చించి ద్వారపు వెడల్పుతో భాగించవలెను. ధ్వనితరంగము 0.3 మిల్లీమీటరు, లోతు పది సెంటీమీటర్లు, చర్మముమీద ఆనించు పరికరము రెండు సెంటీమీటర్లు అయినచో మచ్చ ఒకటిన్నర మిల్లీమీటర్లుండును. ఇంకను సూక్ష్మముగా చూడగోరినచో పరికరము పెద్దది కావలెను. మనిషి పొట్ట పెద్దదే కావచ్చును, పక్కటెముకల నడిమి సందు మాత్రము పెరుగదు! నెత్తురు నాళములోనికి దూర్చు పరికరము మాట చెప్పనే అక్కరలేదు.

పెద్ద కన్ను లేనివాడు పెద్ద చూపును సంపాదించు ఉపాయము మొదట ఆకాశమున కనుగొనబడినది. అమెరికాలో, మోటారు టైర్ల పేరుగా మనమెరిగిన గుడియరువారి విమాన సంస్థలో పనిచేయుచుండిన కార్ల్ వైలీ అను ఇంజనీరు 1951లో ఒక ఆలోచన చేసెను. విమానమునకు మైలు పొడవు ఏరియలును కట్టలేము. అయినను విమానము కదలునది గదా! చిన్న ఏరియలే ఇప్పుడిక్కడ, మరుక్షణమున అక్కడ, ఆ పిమ్మట ఇంకొకచోట ఉండును. ప్రతిచోట వినిన ప్రతిధ్వనిని చెరిగిపోనీయక దాచి, చివరకు ఒక క్రమములో కలిపినచో, విమానము నడచిన దారి యంతయు ఒకే పెద్ద ఏరియలై పనిచేయును. దీనికే సింథెటిక్ అపర్చరు అని పేరు వచ్చినది. మేము దీనిని 'కూర్చిన కన్ను' అందుము. ఇంచుమించు అదే కాలమున ఇంగ్లండులో కేంబ్రిడ్జి పండితుడు మార్టిన్ రైలు, దూరదూరముగా నిలిపిన చిన్న రేడియో దూరదర్శినుల వినికిడిని భూభ్రమణము సాయముతో కూర్చి నక్షత్రలోకమును చూచు విద్యను పెంపొందించెను. ఆ కృషికి 1974లో నోబెలు బహుమానము లభించినది.

మన ప్రాంతమునకు ఈ విద్య కొత్తది కాదు. తిరుపతి దగ్గర గాదంకి గ్రామమున వాతావరణమును పరిశోధించు రాడారు కలదు. టెలివిజను ఇండ్లలోనికి వచ్చిన కొత్తలో మేడలపై వెలసిన యాగీ ఏరియళ్ల వంటివి 1024, వరుసకు 32 చొప్పున, నూటముప్పది మీటర్ల చదరములో పాతబడి యున్నవి. అందులో ఏదియు కదలదు. ఒక్కొక్కదానికి అందు విద్యుత్తరంగమును లిప్తలో ఎన్నవ వంతో ముందు వెనుకలు చేసి, రాడారు చూపును కావలసిన దిక్కునకు త్రిప్పుదురు. అది నిజముగనే పెద్ద కన్ను. వేయి చిన్న కన్నులును ఒకేమారు తెరచి యుండును. కూర్చిన కన్నునకు ఉదాహరణము శ్రీహరికోటనుండి లేచినది. 2012 ఏప్రిల్ 26న పంపిన రీశాట్-1 ఆ జాతిది. 2025 జూలై 30న భారత, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి పంపిన నైసారు ఉపగ్రహము దాని కంటె పెద్దది. నైసారు ఏరియలు వెడల్పు 12 మీటర్లు, ఎత్తు సుమారు 750 కిలోమీటర్లు, దాని తరంగములలో ఒకటి 24 సెంటీమీటర్లది. పైన చెప్పిన లెక్క వేసి చూడుడు: మచ్చ వెడల్పు పదిహేను కిలోమీటర్లు వచ్చును. పెద్దపంజాణి, దాని చుట్టునున్న పల్లెలు, చెరువులు, చేలు అన్నియు ఆ ఒక్క మచ్చలో మునిగిపోవలసినదే. అట్లుగాక కొద్ది మీటర్ల వివరముతో ఆ చేలు విడివిడిగా కనబడుచున్నవన్నచో, అది కూర్పు మహిమయే.

ఈ కూర్పు ఎట్లు జరుగును? ఆ సీమలోని చెరువునొకదానిని తలచుకొనుడు. నీటిలో ఎక్కడనో ఒక రాయి కొన తేలియున్నది, చీకటిలో కనబడదు. గట్టువెంబడి నూరుమంది వరుసగా కూర్చున్నారు. మొదటివాడు తన ముందు నీటిలో ఒక గులకరాయి వేయును. అల పోయి, ఆ రాతి కొనను తాకి, మరలివచ్చును. తన దగ్గరకు ఎప్పుడు వచ్చినదో నూరుమందియు వ్రాసికొందురు. తరువాత రెండవవాడు వేయును, మరల నూరుమందియు వ్రాసికొందురు. అందరి వంతు అయిన పిమ్మట ఆ కాగితములన్నియు వెనుకటి కాలపు కరణము వంటి లెక్కలవాని చేతికి పోవును. అతడు చెరువులోని ఒక్కొక్క చోటును వ్రేలితో చూపి, 'రాయి ఇక్కడ ఉన్నచో ఫలానివాడు వేసిన అల ఫలానివానికి ఎప్పుడు చేరవలెను?' అని లెక్కించును. కాగితములన్నియు ఆ లెక్కతో ఏకీభవించిన చోట అల శిఖరము శిఖరముతో కలిసి పెరుగును. అక్కడ రాయి కలదు. ఏకీభవింపని చోట శిఖరము పల్లముతో కలిసి అణగారును. అక్కడ నీరు మాత్రమే. ఒక్కడు వేసిన రాతితో వచ్చు చిత్రము మసక. నూరుమంది చిత్రములను కలిపినచో వచ్చునది స్పష్టము. ఇందులో మరియొక లాభము కలదు. మామూలు స్కానింగు యంత్రము ధ్వనిని పంపునపుడు ఏదో ఒక లోతును నిర్ణయించుకొని అక్కడనే చూపును నిలుపును. దానికి పైనను క్రిందను చిత్రము పలుచబడును. కరణమునకు అట్టి నిర్బంధము లేదు. అతడు ఏ చోటు అడిగిన ఆ చోటికే చూపు కుదురును.

ఇంత చక్కని ఉపాయము శరీరమున ప్రవేశించుటకు ఎంతోకాలము పట్టలేదు, నిలదొక్కుకొనుటకే చాలకాలము పట్టినది. ఫ్లహర్టీ, ఎరిక్సను, లుండు అను మువ్వురు 1967లోనే ధ్వనితో ఈ పని చేయు యంత్రమునకు అమెరికాలో పేటెంటు కోరిరి. 1970లో అది మంజూరైనది. 1974లో స్విట్జర్లాండు దేశమున బుర్ఖార్టు, ఆయన సహచరులు వైద్యమునకు ఉద్దేశించిన యంత్రమునొకదానిని ప్రయోగాత్మకముగా నిర్మించి చూపిరి. కాని ఆ దశాబ్దమున విజయము వేరొక దారిని పోయినవారిని వరించినది. హాలండులో సోమరు, బోము అనువారును, అమెరికాలో డ్యూకు విశ్వవిద్యాలయమువారును చిన్న చిన్న ధ్వనిమూలకములను పక్కపక్కన పేర్చిన యంత్రములను చేసిరి. అవి గుండె కదలికను అప్పటికప్పుడు తెరమీద చూపెను. వైద్యునికి కావలసినది అదే. సూక్ష్మమైన చిత్రమును రేపటికి ఇత్తుమనువాని కంటె, కొంచెము మసకైనను ఇప్పుడే చూపువాడు మేలు గదా!

కూర్చిన కన్ను వెనుకబడుటకు కారణములు మూడు. మొదటిది లెక్కల భారము. 128 మూలకముల వినికిడిని సెకనుకు నాలుగు కోట్ల మారులు కొలిచినచో సెకనుకు అయిదువందల కోట్లకు మించిన అంకెలు పోగుపడును. వైలీ కాలమువారు రాడారు ప్రతిధ్వనులను ఫిల్ముమీద ముద్రించి కటకముల గుండ కాంతిని పంపి కూర్పు చేసికొనిరి. మంచము మీది రోగి ఫిల్ము కడుగువరకు ఆగలేడు. రెండవది ధ్వని బలము. నూటయిరువది ఎనిమిదింటిలో ఒక్క మూలకము చేసిన సవ్వడి సన్నము. పది సెంటీమీటర్ల లోతునుండి అది మరలివచ్చునప్పటికి యంత్రపు గుసగుసలో కలిసిపోవును.

మూడవది అన్నిటికంటె కఠినమైనది. నేల కదలదు, శరీరము కదలును. రోగి ఊపిరి బిగబట్టవచ్చును, గుండెను బిగబట్టుమనలేము. 128 మారులు ధ్వనిని పంపి వినుటకు, పదిహేను సెంటీమీటర్ల లోతునకు, 25 మిల్లీసెకనులు పట్టును. కన్ను మూసి తెరచునంత కాలము కూడ కాదు. కాని సెకనుకు పది సెంటీమీటర్ల వేగముతో కదలు గుండెభాగము ఆలోపల రెండున్నర మిల్లీమీటర్లు జరిగిపోవును. ధ్వనితరంగము నిడివి 0.3 మిల్లీమీటరని చెప్పితిమి. అందులో నాలుగవ వంతు జరిగినను పోయివచ్చు దారిలో సగము తరంగము తేడా వచ్చి, శిఖరముతో కలియవలసినది పల్లముతో కలియును. మా ఉపమానమున చెప్పవలెనన్నచో, నూరుమందియు గులకరాళ్లు వేయుచుండగా చెరువులోని ఆ రాయియే ఈదుకొనిపోయినది. అది రాయి కాదు, తాబేలు!

ఈ చిక్కులు ఒక్కొక్కటిగా ఎట్లు వీడినవో చూచినచో ఆశ్చర్యము గలుగును. మొదట అవసరమే దారి చూపినది. గుండెకు నెత్తురునందించు నాళములలోనికి సన్నని గొట్టము దూర్చి లోపలి గోడలను చూడవలెనన్నచో, దాని కొన చుట్టును 64 మూలకములను అమర్చవచ్చును గాని అన్నిటికి తీగలు లాగుటకు చోటు లేదు. వంతులవారీగా వానిని పలికించి, విని, పిమ్మట కూర్చుటయే అక్కడ సాధ్యము. అమెరికాలో ఒడొనెల్, టామస్ అనువారు 1992లో అట్టి వర్తులాకారపు కూర్పునకు మార్గము చూపిరి. 1995లో కరమన్ అను పండితుడును, ఆయన సహచరులును మరియొక మెట్టు ఎక్కిరి. ఒక్క మూలకమునకు మారుగా కొన్నింటిని కలిపి, అవి ఒకే బలమైన గొంతువలె పలుకునట్లు చేసినచో ధ్వని బలము పెరుగునని, వినువారిని కొద్దిమందిగా ఉంచినచో యంత్రము చిన్నదై వెల తగ్గునని వారు చూపిరి. చిన్న యంత్రముల కొరకు అని వ్యాసము పేరులోనే వారు చెప్పుకొనుట మాకు గమనింపదగినదిగా తోచినది.

అటుపిమ్మట ముఖ్యరంగము డెన్మార్కునకు మారినది. ఆరోగ్యవరమునకు తొలి వైద్యుని పంపిన దేశమే! ఈ రెండింటికి సంబంధమేమియు లేదు. అయినను తెలుగు శ్రోత చెవికి ఆ పేరు తీయగా తగులును. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయమున ఆచార్య యోర్గెన్ ఆరెంట్ యెన్సెన్, ఆయన శిష్యులు రాస్మస్ అను ప్రయోగయంత్రమును నిర్మించి, కూర్చిన కన్నును నిజమైన మనుష్యులపై పరీక్షించిరి. మూలకముల ప్రతిధ్వనులను కలిపివేయక విడివిడిగా దాచుకొనగల యంత్రములు అప్పటికి ప్రపంచమున మిక్కిలి అరుదు. వారిలో నికొలోవ్ చూపిన కిటుకు తేలికయైనది, తెలివైనది: 128 వంతులు ముగియువరకు ఆగనేల? క్రొత్త గులకరాయి పడినప్పుడెల్ల దాని చిత్రమును చేర్చి, అన్నిటికంటె పాతదానిని తీసివేసినచో చిత్రము ఎడతెగక నవీకృతమగుచుండును. చిత్రమునందలి ప్రతిచోటును ఎడతెగక కనిపెట్టుచుండుటచేత నెత్తురు ఏ దిక్కునకు ఎంత వేగముతో పారుచున్నదో కూడ కొలుచుటకు వీలు కలిగినది. తాబేటి కదలికను మొదట కొలిచి ఆ మేరకు లెక్కను దిద్దు ఉపాయము కూడ వచ్చినది. ఆ కృషి సారమును యెన్సెన్ బృందము 2006లో ఒక వ్యాసముగా ప్రకటించెను. తరువాతి సంవత్సరములలో పారిసు నగరమున టాంటే, ఫింక్ మొదలగువారు ఒక్కొక్క మూలకమునకు బదులు మొత్తము వరుసను ఒకేమారు పలికించి, వివిధ కోణములలో పంపిన చదునైన అలలను కూర్చు పద్ధతిని సాధించిరి. దానితో సెకనుకు వేలకొలది చిత్రములు వచ్చినవి.

లెక్కల భారమును తీర్చినది వైద్యులును కాదు, ధ్వనిశాస్త్రజ్ఞులును కాదు. పిల్లలు ఆడుకొను కంప్యూటరు ఆటలలో బొమ్మలు వేయుటకు చేసిన చిప్పులే ఆ కోట్ల అంకెలను మింగి హరాయించుకొనినవి. శాస్త్రచరిత్రలో ఇట్టి వినోదములు తక్కువ కావు. నేడు ఆసుపత్రులలోని కొన్ని ఖరీదైన యంత్రములలో కూర్పు పద్ధతి ఏదో ఒక రూపమున పనిచేయుచున్నది. చూచువానికి అది తెలియదు, చిత్రము అన్ని లోతులలోను సమముగా తేటగా ఉండుట మాత్రమే తెలియును.

ఇక పెద్దపంజాణి మాట. అక్కడినుండి గర్భవతి గాని, గుండెజబ్బు గల బిడ్డ గాని పలమనేరునకో, పుంగనూరునకో, మదనపల్లెకో, పెద్ద అనుమానమైనచో వేలూరునకో పోవలెను. బస్సు ఖర్చు, ఒక దినపు కూలి, తోడు వచ్చు మనిషి కూలి, ఇవన్నియు స్కానింగు రుసుముపై అదనము. యంత్రపు వెలలో పెద్దభాగము మూలకములకు, తీగలకు, వానివెనుక పనిచేయు విద్యుత్తు సామగ్రికి పోవును. కొద్ది సామగ్రితో, కాలమును లెక్కను పెట్టుబడిగా పెట్టి, పెద్ద యంత్రపు చూపును తెచ్చుటయే కూర్చిన కన్ను చేయగల మేలు. చేతిలో ఇముడు స్కానింగు పరికరములు నేడు బజారులో ఉన్నవి. ఫ్రిమోట్ మోలరు ఎక్సురే పల్లెకు పోయినట్లు ఇవి పోలేవా అని అడుగవచ్చును.

పోవుటకు అడ్డము ధ్వనిశాస్త్రమున లేదు. గర్భమున ఉన్నది ఆడపిల్ల అని తెలిసికొని చంపుకొను దురాచారమునకు ఇదే యంత్రము సాధనమైనది. అందుచేత 1994లో మన పార్లమెంటు లింగనిర్ధారణను నిషేధించు చట్టము చేసెను. యంత్రము ప్రతిదియు నమోదు కావలెను. ఎక్కడ వాడునదియు, ఎవరు వాడునదియు ముందుగా తెలుపవలెను. చేతిలో ఇముడు యంత్రములు ఎక్కడబడితే అక్కడ తిరుగరాదని 2012లో నిబంధనలు ఇంకను బిగింపబడినవి. నమోదైన ఆసుపత్రి ఆవరణలోనో, నమోదైన సంచార వైద్యశకటములోనో తప్ప వానిని వాడరాదు. ఈ కట్టుబాటు అన్యాయమని మేము అనజాలము. పుట్టవలసిన బిడ్డలను పోగొట్టుకొని నేర్చిన జాగ్రత్త అది. అయినను దాని భారము గుండె పరీక్ష కోరువానిమీదను, మూత్రపిండములో రాయి గలవానిమీదను సమముగనే పడుచున్నది. యంత్రము తేలికైన కొలది, చవుకైన కొలది ఈ పీటముడి బిగియునే గాని సడలదు.

సంచార వైద్యశకటమునకు చట్టము త్రోవ విడిచియే యున్నది. దానిలో కూర్చుండి, చిత్రమును చూచి, చూచినదానిని చదువగల వైద్యుడు వారమున కొకనాడైనను పల్లెకు వచ్చుటయే తరువాయి. ధ్వని పోయివచ్చుటకు పట్టు కాలము సెకనులో అయిదువేలవ వంతు. ఆ వైద్యుడు వచ్చుటకు పట్టు కాలమును ఇంకను ఎవరును కొలువలేదు.